సాకెట్

ఈ మాట 1300 ప్రాంతంలో నార్మన్ ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చింది. అప్పట్లో దాని అర్థం ఈటె మొన. నాగలి కర్రు ఆకారంలో ఉండే మొన అది. పాత ఫ్రెంచిలో 'సోక్' అంటే కర్రే. పాత ఐరిష్‌లో దీని చుట్టంగా చెప్పే మాటకు కర్రు అనీ, పంది ముట్టె అనీ రెండర్థాలు. నేలను పెళ్లగించడంలో పంది మాత్రం నాగలికి తీసిపోయిందా! తర్వాత అర్థం మొన నుంచి, ఏదైనా దూర్చి బిగించే బోలు భాగానికి జరిగింది. గోడ మీద ప్లగ్గు పెట్టే చోటు, రెండు పైపులను కలిపే ముక్క, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గద్దె, అన్నీ సాకెట్లే.

సాఫ్ట్‌వేర్‌తో అల్లిన కంప్యూటర్, అంటే వర్చువల్ మెషీన్ (వీఎం)‌లో ఆ గద్దె లేదు, పేరు మాత్రం మిగిలింది. మిగిలి ఊరుకుందా, పేచీ పెడుతుంది. విండోస్ 10 హోమ్ ఒక్క సాకెట్‌నే ఒప్పుకుంటుంది, ప్రో రెండింటిని. వీఎంకు 8 వర్చువల్ ప్రాసెసర్లు ఇచ్చి ప్రో నడిపితే టాస్క్ మేనేజర్‌లో రెండే కనబడొచ్చు. జనం బయోస్‌ను అనుమానిస్తారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. అసలు సంగతి, సెట్టింగుల్లో 8 సాకెట్లు, ఒక్కోదానికి ఒక కోర్ అని ఉండటమే. ఒక సాకెట్, 8 కోర్లు అని మార్చి, వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ లేపితే ఎనిమిదీ వస్తాయి. వీఎంలను నడిపే క్యూఈఎంయూలో సాకెట్లు, కోర్లు విడిగా చెప్పకుండా ప్రాసెసర్ల ఉత్త అంకె ఇస్తే పాత వెర్షన్లు సాకెట్లనే పెంచేవి, 6.2 నుంచి మొగ్గు కోర్ల వైపు. పాత మెషీన్ టైపుతో నడిచే వీఎంలకు మాత్రం ఇప్పటికీ పాత లెక్కే.