మోచేతులు, మోకాళ్లపై ఆగని దురద.. గోధుమలు పడకపోవడమే కారణమా? చపాతీ మానేసే ముందు ఇది తెలుసుకోండి!

మోచేతులు, మోకాళ్లు, పిరుదులపై చిన్న చిన్న నీటి పొక్కులు.. భరించలేని దురద, మంట. ఆయింట్‌మెంట్ రాసినా మళ్లీ మళ్లీ వస్తున్నాయా? గజ్జి, ఎగ్జిమా అని మీకు మీరే తేల్చేసుకోకండి. ఇది డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు.

గోధుమలు, బార్లీలోని గ్లూటెన్ పడనివారిలో తయారయ్యే ఐజీఏ యాంటీబాడీలు చర్మంలో పేరుకుపోయి ఈ పొక్కులు వస్తాయి. కడుపులో ఏ ఇబ్బందీ లేకున్నా చర్మంపై బయటపడొచ్చు.

అనుమానం రాగానే చపాతీలు మానేస్తే అసలుకే మోసం. యాంటీబాడీలు తగ్గిపోయి రిపోర్ట్ నార్మల్‌గా వచ్చే ఛాన్స్ ఉంది. అందుకే రక్తపరీక్ష, పొక్కు పక్కనున్న చర్మానికి బయాప్సీ పూర్తయ్యే వరకు మామూలుగానే తినాలి.

వ్యాధి అని తేలితే డాక్టర్ రాసే డాప్సోన్ మాత్రలతో దురద కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. కానీ ఆ మందు పేగులకు పనిచేయదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానాల్సిందే. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమ్యా వద్దు. అన్నం, జొన్న రొట్టె, రాగి సంకటి తినొచ్చు. అయితే గోధుమలు ఆడించే మరలోనే జొన్నలు పట్టించకూడదు. ఇంగువలోనూ గోధుమ పిండి కలుపుతారు.. లేబుల్ చూడటం మరిచిపోవద్దు.