ఎలిజబెత్ ఎవరి కూతురు?

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన జాన్ హౌలాండ్‌ని మూలపురుషుడిగా చెప్పుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయన భార్య ఎలిజబెత్ మాత్రం చాలాకాలం వేరే ఇంటి బిడ్డగా చలామణీ అయింది. హౌలాండ్ గవర్నర్ జాన్ కార్వర్ దగ్గర పనిచేసినవాడు. దాంతో ఆమె ఆ గవర్నరు కూతురో మనవరాలో అని వారసులు నమ్మారు. ప్లిమత్‌లో హౌలాండ్ సమాధిరాయి మీదా కార్వర్ కూతురనే చెక్కించారు.

కార్వర్ తర్వాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది. అందులో ప్రయాణికుల జాబితా ఉంది. జాన్ టిల్లీ, అతని భార్య, కూతురు ఎలిజబెత్. తల్లిదండ్రులిద్దరూ మొదటి చలికాలంలోనే పోయారు. పదమూడేళ్ళ పిల్ల పరాయి నేల మీద (వాంపనోగ్ ప్రజల నేల అనాలి) ఒంటరిగా మిగిలింది. అనాథ కంటే గవర్నరు బిడ్డే వంశానికి వన్నె అనిపించిందేమో!

ఆ జాబితాలోనూ తల్లికి పేరు లేదు, ‘భార్య’ అంతే. ఆమె జోన్ హర్స్ట్ అని చెప్పింది ఇంగ్లండులో హెన్లో గ్రామపు చర్చి రిజిస్టరు. 1596లో పెళ్ళి, 1607లో ఎలిజబెత్ బాప్తిజం. పెళ్ళికీ బాప్తిజానికీ చర్చి గడప తొక్కకపోతే ఆ పేరూ దక్కేది కాదు.

ఎలిజబెత్ పదిమందిని కన్నది. భర్త పోయాక చివరి రోజులు కూతురు లిడియా దగ్గర గడిపి 1687లో మరణించింది. అంతకు ముందు ఏడాది వీలునామా రాయించింది. తన మంచి పరుపు, దుప్పట్లు, బైబిలు లిడియాకి. తక్కిన పిల్లలకీ మనవలకీ ఏది ఎవరికో విడివిడిగా, పేరుపేరునా చెప్పింది.