పేరు చివరి మాట

మా నాయన తప్పెట కొట్టి ఊళ్లో చాటింపు వేసేటోడు. శిస్తు కట్టమని, రెడ్డిగారి ఎద్దు తప్పిపోయిందని. ముప్పై ఏండ్లు కొట్టినా మా గేరి సంగతి ఒక్కటీ ఆ తప్పెట మీద పలకలేదు. కర్నూలు హాస్టల్లో మీ నాయన ఏం చేస్తాడని ఎవరన్నా అడిగితే సేద్యం అనేవాణ్ని. మాకు సెంటు భూమి లేదు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా అన్నాం దాన్ని. షెడ్యూల్డు కులాలకున్న 15 శాతాన్ని జనాభా లెక్కన పంచాలన్నది కోరిక. లెక్కల మాటకు జనం ఊగరు. ఊగింది పేరుకు. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు.

నల్లమల అవతలి ఈ సంగతి మాకు బస్సులో వచ్చింది. మా రూములో ఒకడు రేకుపెట్టె మీద సుద్దముక్కతో పేరు రాసుకున్నాడు, చివర మాదిగ అని. నా గుండె జల్లుమంది. పొద్దునకు పక్క రూములో ముగ్గురు. ఆదివారానికి పెట్టెలన్నీ. గజ్జి మాదిరి అంటుకుందే అని ఒకాయన నవ్వినాడు. అంటరానోళ్ల కాడ అంటుకోకుండా ఇంకెక్కడ అంటుకుంటుంది? అందరికంటే చివర రాసింది నేనే.

సెలవులకు పోయి చెప్తే నాయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మాట వాళ్లు తిట్టేదానికి పెట్టుకున్నార్రా. నువ్వు పేరుకే పెట్టుకుంటే ఇంగ దేంతో తిడతారు?" అన్నాడు. ఆ మాపు తప్పెట సెగకు కాచి, మీటింగుకు రమ్మని గేరంతా కొట్టినాడు. ఎవరూ చెప్పకుండా ఆయన వేసిన మొదటి చాటింపు అదే.

పూనకం, నాలుగునాళ్లలో దిగుతాదన్నారు చాలామంది. మాల మిత్రులు చీలిక అన్నారు. వాళ్ల భయం ఉత్తదని నేననను. కొంత దిగింది కూడా. అబద్ధమెందుకు, పట్నంలో బాడుగిల్లు అడిగినప్పుడు ఆ చివరి మాట నేనే మింగినాను, ఒకసారి కాదు.

1997లో ఎబిసిడి వర్గీకరణ జీవో, 2000లో చట్టం. మాదిగ గ్రూపుకు 7, మాల గ్రూపుకు 6, రెల్లి, ఆది ఆంధ్ర గ్రూపులకు ఒక్కొక్కటి. 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉత్త పూనకమే అయితే ఆపొద్దే ఆరిపోవాల. ఆరలేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం పాత తీర్పును పక్కనపెట్టి, వర్గీకరణ చెల్లుతుందనింది.

ఆ సాయంత్రం, పెట్టె మీద మొదట రాసినోడు ఫోన్ చేసినాడు.

"ఇంకా బాడుగిల్లేనా?"

"కాదు, కట్టుకున్నా."

"మరి గేటు మీద పేరేం రాయించినావు?"

గేటు మీద నా పేరు, నా డిగ్రీ ఉన్నాయి.