కుటుంబ మనోచికిత్స: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

భార్యాభర్తల తగవులు, కుటుంబ కలహాలు, వలస తెచ్చే ఒంటరితనం వంటివాటిని ఇంటిల్లిపాదితో మాట్లాడి చక్కదిద్దే చికిత్స ఇది. ఈ మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోవి. కర్ణాటక సరిహద్దు పట్టణమైన హిందూపురంలో తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక కొరియన్లూ వచ్చారు. ఇక్కడివాళ్లేమో పనుల కోసం బెంగళూరు బాట పడతారు.

చికిత్సకుడు ముందుగా తెలుసుకోవలసింది బంధుత్వాల అల్లిక. మేనమామను పెళ్లాడిన అమ్మాయికి అత్తగారు స్వయానా అమ్మమ్మే. కోడలు పుట్టింటికి వెళ్లిపోతే తెగేది ఆమె తల్లికీ, ఆ తల్లి తోబుట్టువుకీ మధ్య బంధం కూడా. అలాంటి ఇంట్లో దంపతులిద్దరినే కూర్చోబెట్టి మాట్లాడితే సగం కథే బయటపడుతుంది. ధర్మవరం పట్టుమగ్గాల ఇళ్లలో భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది. అప్పు, కూలి, కాపురం ఒకే గదిలో ఉంటాయి. మగ్గం సంగతి అడగకుండా ఆ దంపతులకు సలహా చెప్పడం తొందరపాటే.

అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సాల్వడార్ మినూచిన్ 1960లలో న్యూయార్క్ పేద కుటుంబాలతో పనిచేస్తూ ఇలాంటి పద్ధతికే రూపమిచ్చాడు. మన దగ్గర బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 1977లోనే కుటుంబ మనోచికిత్స కేంద్రం ఏర్పడింది. ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్ద సంస్థ అదే. క్లినికల్ సైకాలజిస్టులకు గుర్తింపు పొందిన శిక్షణ, నమోదు తప్పనిసరి. ఇంటి భాష రావడమూ అంతే అవసరం. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.