విజయనగరంలో బస: ఇంటిపేరు అడిగి గది లేదంటే చట్టం ఏమంటుంది?

విజయనగరం ఒక్కరోజులో చూసే ఊరు కాదు. 1713 నాటి కోట, గురజాడ అప్పారావు ఇల్లు, పైడితల్లి గుడి ఊళ్లోనే ఉన్నాయి. బౌద్ధ, జైన అవశేషాలున్న రామతీర్థానికి, శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డునున్న శాలిహుండానికి ప్రయాణం చేయాలి. 2012 జూన్ 12న భూమి తగాదాలో ఐదుగురు దళితులను చంపిన లక్ష్మీపేట అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. ఈ ప్రాంత చరిత్ర చదివేవాళ్లు అక్కడికీ వెళ్లాలి. అంటే రెండు మూడు రాత్రుల బస కావాలి.

అడిగే ప్రశ్నలు

లాడ్జిలో గుర్తింపు కార్డు చూసి తాళం ఇస్తారు. రోజుల లెక్కన గదులిచ్చే ఇళ్లలో పద్ధతి వేరు. పరిశోధన పనిమీద తిరిగేటప్పుడు మమ్మల్ని అడిగినవి ఇవి: ఇంటిపేరేమిటి? సొంతూరేది? ఊళ్లో ఏ వీధి? కులం అన్న మాట ఎక్కడా రాదు. జవాబు విన్నాక, పొద్దున ఉన్న గది సాయంత్రానికి ఉండదు.

ఇది కొత్తది కాదు. విదేశాల్లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు.

చట్టం

రాజ్యాంగం 15(2) అధికరణ హోటళ్లలో కుల వివక్షను నిషేధించింది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. అందులో ‘హోటల్’ అంటే లాడ్జింగ్, బోర్డింగ్ హౌస్‌లు కూడా. అంటరానితనం కారణంగా ప్రవేశం నిరాకరిస్తే సెక్షన్ 4 కింద నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. అందరికీ తెరిచిన సత్రాలూ, నివాస గృహాల్లో ఉండే హక్కూ ఈ సెక్షన్‌లోనే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాల వ్యక్తి పట్ల ఈ నేరం జరిగితే, కారణం అంటరానితనమేనని కోర్టు భావించాలని సెక్షన్ 12 చెబుతోంది. కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే.

నలుగురి ఎదుట కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

చేయాల్సింది

గది ఉందని చెప్పిన మెసేజ్, అడ్వాన్స్ కట్టిన రసీదు దాచుకోండి. లేదన్న వెంటనే మరో ఇంటిపేరున్న మిత్రుడితో అదే తేదీకి అడిగించండి. ఆ జవాబే సాక్ష్యం. తేదీ, సమయం, అన్న మాటలు ఆ రాత్రే రాసిపెట్టుకోండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి ఎఫ్‌ఐఆర్ ప్రతి అడగండి. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.