కృత్రిమ శ్వాస

కృత్రిమ శ్వాస అనగా శ్వాస ఆగిపోయిన వ్యక్తి ఊపిరితిత్తులలోనికి బయటినుండి గాలిని పంపే ప్రథమ చికిత్స. గుండె కూడా ఆగినప్పుడు దీనితోపాటు ఛాతీని నొక్కుతూ రక్తప్రసరణను కొనసాగిస్తారు. ఈ రెండూ కలిసిన ప్రక్రియ సి.పి.ఆర్. అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుండి ఆరు నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందువలన వైద్యుడు వచ్చేవరకు వేచి ఉండక, పక్కన ఉన్నవారే దీనిని ప్రారంభించాలి.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో ప్రాముఖ్యత

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ఎక్కువగా మెట్ట భూములు. పల్లెలు దూరదూరంగా ఉంటాయి. వ్యవసాయ మోటార్ల వద్ద విద్యుదాఘాతం, పాము కాటు, పురుగుమందుల విషప్రభావం, బావులలోను, పెన్నానదిపై ఉన్న సోమశిల జలాశయంలోను, దాని కాలువలలోను మునిగిపోవడం వంటివి ఇటువంటి గ్రామీణ ప్రాంతాలలో శ్వాస ఆగడానికి ముఖ్య కారణాలు. గుండెపోటు, రోడ్డు ప్రమాదాలు, గొంతులో ఆహారం అడ్డుపడడం ఎక్కడైనా సంభవించవచ్చు.

2022 ఫిబ్రవరి 21న అప్పటి రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి, ఆత్మకూరు శాసనసభ్యుడు మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాదులోని తన ఇంటిలో కుప్పకూలారు. ఆసుపత్రికి చేరే సమయానికి ఆయనకు స్పృహ, శ్వాస లేవు. వైద్యులు 90 నిమిషాలకు పైగా సి.పి.ఆర్. చేసినప్పటికీ ఫలితం దక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 50 సంవత్సరాలు. అంత్యక్రియలు ఉదయగిరిలో జరిగాయి. గుండె హఠాత్తుగా ఆగిపోవడం వృద్ధులకే పరిమితం కాదు. సి.పి.ఆర్. అందరినీ బ్రతికించలేదు; అయితే ఎంత త్వరగా మొదలుపెడితే బ్రతికే అవకాశం అంత పెరుగుతుంది.

చేయవలసిన విధానం

1. ముందుగా ఆ ప్రదేశం సురక్షితమో కాదో చూడాలి. భుజాలు తట్టి, గట్టిగా పిలవాలి.
2. పలకకపోతే ఛాతీ కదులుతున్నదేమో పది సెకన్లకు మించకుండా గమనించాలి. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే దానిని శ్వాసగా భావించరాదు.
3. ఇతరులను కేకవేసి, 108 కు ఫోను చేయించాలి. ఒంటరిగా ఉంటే ఫోను స్పీకరులో పెట్టి చికిత్స మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005లో ప్రారంభమైంది, ఇది ఉచితం.
4. వ్యక్తిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టాలి. ఒక అరచేతి మడమను ఛాతీ మధ్య ఎముకపై ఉంచి, రెండవ చేతిని దానిపై వేసి, మోచేతులు వంచకుండా 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. వేగం నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారి ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి.
5. 30 సార్లు నొక్కిన తరువాత తలను వెనుకకు వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదాలి. ఒక్కొక్కటి ఒక సెకను చాలును. ఛాతీ పైకి లేస్తే గాలి లోనికి వెళ్ళినట్లు.
6. శ్వాస తిరిగి వచ్చేవరకు లేదా వైద్య సిబ్బంది వచ్చేవరకు 30:2 చొప్పున కొనసాగించాలి. ఇద్దరుంటే రెండు నిమిషాలకొకసారి మారాలి.

నోటితో ఊదడం రానివారు ఛాతీని నొక్కడం మాత్రమే చేసినా ఏమీ చేయకపోవడం కంటే ఎంతో మేలు. పిల్లలకు ఛాతీ మందంలో మూడవ వంతు లోతుకు నొక్కాలి. పసిపాపలకు నోరు, ముక్కు రెండింటిని కలిపి నోటితో కప్పి కొద్దిగా మాత్రమే ఊదాలి. శ్వాస తిరిగి వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ప్రత్యేక సందర్భాలు

నీటిలో మునిగినవారు: వీరికి ముందుగా గాలి ఊదడంతోనే మొదలుపెట్టాలి. తలక్రిందులుగా వేలాడదీయడం, గిరగిర త్రిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం చేయరాదు. వీటివలన సమయం వృథా అవుతుంది, కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోనికి చేరవచ్చు.

పాము కాటు: నాగుపాము, కట్లపాము విషం శ్వాస కండరాలను స్తంభింపజేస్తుంది. కనురెప్పలు వాలడం మొదటి సూచనలలో ఒకటి. కనుపాపలు కదలకపోయినంత మాత్రాన ప్రాణం పోయిందని అనుకోరాదు. దారి పొడవునా శ్వాస అందించగలిగితే, విషవిరుగుడు మందుతో కోలుకునే అవకాశం ఉంటుంది. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం హానికరం.

పురుగుమందు: మందు త్రాగినవారికి నోటితో గాలి ఊదరాదు, ఆ విషం ఊదేవారికి సోకవచ్చు. తడిసిన బట్టలు తీసివేసి, ఒట్టి చేతులతో తాకకుండా ఛాతీని నొక్కాలి.

విద్యుదాఘాతం: కరెంటు ఆపకుండా వ్యక్తిని తాకరాదు.

పాత బావులు: లోపల ప్రాణవాయువు లేకపోవచ్చు. స్పృహ తప్పినవారికోసం వెంటనే దిగినవారు కూడా మరణించే ప్రమాదముంది. అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి.

గొంతులో అడ్డు: స్పృహలో ఉండి దగ్గలేని వ్యక్తికి భుజాల నడుమ వీపుపై 5 సార్లు చరచి, ఆపై వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు పైభాగాన 5 సార్లు లోనికి, పైకి నొక్కాలి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు పొట్ట కాక ఛాతీని నొక్కాలి.

చరిత్ర

19వ శతాబ్దంలో చేతులను పైకి, క్రిందికి ఆడించి శ్వాస కల్పించే సిల్వెస్టర్ పద్ధతి వాడుకలో ఉండేది. 1950వ దశకంలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ నోటితో గాలి ఊదడమే మేలైనదని నిరూపించారు. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని నొక్కే పద్ధతిని ప్రకటించారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెద్దలకు ముందు ఛాతీ నొక్కడం, తరువాత శ్వాస అనే క్రమాన్ని సూచించింది.

శిక్షణ, చట్టరక్షణ

భారతీయ రెడ్‌క్రాస్ సంఘం, సెయింట్ జాన్ అంబులెన్సు సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తాయి. రోడ్డు ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సహాయపడినవారిపై కేసులు పెట్టకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను రక్షణ కల్పిస్తున్నది.