కుట్టకపోయినా మానే పొర

మా ప్రత్తిపాడులో (గుంటూరు వైపుది లెండి, గోదావరి వైపుది కాదు) పొట్టకోత లేని ఇల్లు కోసం వెతుక్కోవాలి. సిజేరియనో, పిల్లల ఆపరేషనో, గర్భసంచి తీయించుకోవడమో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, తెలంగాణలో 60. ఏళ్ళ తర్వాత వాళ్ళలో ఎవరికైనా పేగు మూసుకుపోతే "పాత ఆపరేషన్ వల్ల లోపల అతుక్కున్నాయి" అంటారు డాక్టర్లు. ఎందుకు అతుక్కుంటాయి? దీనికి వందేళ్ళ పైచిలుకు కథ ఉంది.

పొట్ట గోడకి లోపలివైపునా, పేగుల మీదా పరుచుకున్న పల్చటి పొర పేరు పెరిటోనియం. చర్మం అంచుల నుంచి లోపలికి మానుతుంది కాబట్టి పెద్ద గాయానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఈ పొర అలా కాదు. గాయం రూపాయి బిళ్ళంత ఉన్నా, అరచేయంత ఉన్నా అంతటా ఒకేసారి కొత్త కణాలు మొలిచి, వారం పది రోజుల్లో కప్పేస్తాయి. అమెరికన్ సర్జన్ ఆర్థర్ హెర్ట్జ్‌లర్ 1919లోనే ఈ సంగతి రాశాడు.

అయినా సర్జన్లు దశాబ్దాల పాటు ఆ పొరని శ్రద్ధగా కుడుతూనే వచ్చారు. చిరిగింది కాబట్టి కుట్టాలి, అంతే కదా! 1962లో ఇంగ్లండ్ సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ ఎలుకల మీద చూస్తే కథ అడ్డం తిరిగింది. వదిలేసిన గాయాలు చాలావరకు నున్నగా మానాయి, లాగి కుట్టిన చోటే అతుకులు ఎక్కువ. గాయమైన కొన్ని గంటల్లో ఫైబ్రిన్ అనే బంక పేరుకుంటుంది. మూడు నాలుగు రోజుల్లో కరిగిపోతే సరే, లేదంటే నారలా గట్టిపడి పేగుల్ని పట్టేస్తుంది. కుట్టు బిగిసి రక్తం ఆడకపోతే కరిగించే శక్తి తగ్గుతుంది.

2004లో బ్రిటన్ మార్గదర్శకాలు సిజేరియన్లో ఈ పొరని కుట్టొద్దన్నాయి. తర్వాత మనదేశంతో సహా ఏడు దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన కొరోనిస్ అధ్యయనంలో, మూడేళ్ళ తర్వాత చూసినా కుట్టినవాళ్ళకీ కుట్టనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే ఇన్నేళ్ళూ వేసిన ఆ కుట్టు వల్ల కనపడే లాభమేం లేదన్నమాట. ఏదో ఒకటి చేస్తే తప్ప పని చేసినట్టు అనిపించకపోవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఉన్న జబ్బే.

కుట్టినా కుట్టకపోయినా అతుకుల భయం పూర్తిగా పోదు. అందుకే ఇంట్లో ఆడవాళ్ళ ఆపరేషన్ కాగితాలు పారేయకండి, మళ్ళీ కోత పడేముందు డాక్టరుకి చూపించండి. కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే ఊళ్ళో సూది మందుతో సరిపెట్టుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. మిరపకోతలయ్యాక చూద్దాంలే అనుకునే రోగం కాదిది.